పాత హైబ్రిడ్ కారు కొంటున్నారా? బ్యాటరీతో పాటు చూడాల్సినవి ఇవీ

సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందని. అడగాల్సిన ప్రశ్నే. కానీ చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇంజిన్ కూలెంట్ తగ్గుతోందా, బ్రేక్ పంపు ఊరికే మోగుతోందా అన్నది చూడకుండానే అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తారు. నిజానికి బ్యాటరీ ఖర్చు ముందే తెలిసే ఖర్చు. ధర కనుక్కోవచ్చు, బేరంలో తగ్గించుకోవచ్చు, పోయిన రోజున మార్చుకోవచ్చు. చడీచప్పుడు లేకుండా వచ్చి మీద పడేవి వేరే ఉన్నాయి: హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, పైనుండే హెడ్‌కీ మధ్య సీలు), ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటార్లకు తగ్గట్టు మార్చేది), బ్రేక్ యాక్చువేటర్ (బ్రేకులకు ప్రెషర్ ఇచ్చేది).

అందుకే నేను ఓడోమీటర్ మీద అంకె కంటే మూడు విషయాలు ఎక్కువ పట్టించుకుంటాను. కారు ఎంత వేడిలో బతికింది? క్రమంగా తిరిగిందా, నెలల తరబడి మూలన పడి ఉందా? కూలింగ్ సంగతి ఎవరైనా చూశారా? కింద చెప్పే పనులన్నీ ఈ మూడింటికి జవాబు రాబట్టడానికే. ఇచ్చిన వరసలోనే చేయండి. ముందుదాంట్లో కారు తప్పితే తర్వాతి దానికి డబ్బూ సమయమూ దండగ చేయనక్కర్లేదు.

1. అది ఏ రకం హైబ్రిడ్డో తేల్చుకోండి

వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో ఉండేది చిన్న బ్యాటరీ, ఇంజిన్‌కి బెల్టుతో తగిలించిన స్టార్టర్ జనరేటర్. అది ఇంజిన్‌కి సాయం చేస్తుందే గానీ కారుని సొంతంగా లాగదు. దాన్ని మామూలు పెట్రోల్ కారులాగే చూడండి. ఆ చిన్న బ్యాటరీ ధర ఎంతో, బెల్టు ఎప్పుడు మార్చారో కనుక్కుంటే సరిపోతుంది.

అసలు కథ ఫుల్ హైబ్రిడ్‌లది. కొన్నిచోట్ల వీటినే స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. 1997 డిసెంబరులో టొయోటా ప్రియస్‌తో జపాన్‌లో మొదలైన పవర్ స్ప్లిట్ అనే పద్ధతిలో రెండు మోటార్లు, ఒక ఇంజిన్, వాటిని కలిపే ఒక ప్లానెటరీ గేర్ల సెట్టు ఉంటాయి. విడిగా స్టార్టర్ ఉండదు, ఆల్టర్నేటర్ ఉండదు, క్లచ్ ఉండదు. రివర్స్ గేరు కూడా ఉండదు, వెనక్కి పోవాలంటే మోటారే అటు తిరుగుతుంది. దీన్ని ఈ-సీవీటీ అంటారు గానీ, బెల్టు మీద నడిచే మామూలు సీవీటీతో (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్‌తో) దీనికి పోలిక లేదు. అరిగిపోయే భాగాలు బాగా తక్కువ కాబట్టే ఈ గేర్‌బాక్సులు లక్షల కిలోమీటర్లు ఆడతాయి. ఫోర్డ్ ఎస్కేప్ హైబ్రిడ్‌లో ఉన్నదీ ఇదే సూత్రం.

మిగతావాళ్ల దారులు వేరు. హోండా పాత ఐఎంఏ కార్లలో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒకే ఒక సన్నటి మోటారు ఉంటుంది. తర్వాత వచ్చిన రెండు మోటార్ల హోండాలు పూర్తిగా వేరే జాతి. హ్యుందాయ్, కియా హైబ్రిడ్‌లలో చాలావాటికి మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్కో, డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సో ఉంటుంది. కాబట్టి వాటిలో క్లచ్, గేరు మారే తీరు కూడా మీ పరీక్షలో భాగం. నిస్సాన్ ఈ-పవర్‌లో ఇంజిన్ పని కరెంటు పుట్టించడమే, చక్రాలను తిప్పేదంతా మోటారే.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (బయటి కరెంటుతో చార్జ్ చేసుకునేది) అయితే బ్యాటరీ పెద్దది, ధర కూడా పెద్దదే. రాత్రి ఫుల్ చార్జ్ పెట్టించి, మర్నాడు మీ ముందే ఎలక్ట్రిక్‌తో ఎన్ని కిలోమీటర్లు వస్తుందో నడిపి చూడాలి. కొత్తలో కంపెనీ చెప్పిన దూరంతో పోల్చుకుంటే బ్యాటరీ ఎంత అరిగిందో తెలిసిపోతుంది. చలిలో ఈ దూరం తగ్గుతుంది, ఆ మినహాయింపు ఇవ్వండి. చార్జింగ్ కేబుల్ కారుతో పాటు ఇస్తున్నారో లేదో కూడా అడగండి.

2. కారు చూడకముందే ఫోన్‌లో తేలిపోయేవి

ముందు చాసిస్ నంబర్ తీసుకోండి. దానితో రెండు పనులు. ఒకటి, ఆ నంబర్ మీద రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఏదైనా బాకీ ఉందేమో కంపెనీ సైట్లోనో, షోరూమ్‌లోనో చూడటం. రీకాల్ పని ఉచితం కాబట్టి బాకీ ఉన్నంత మాత్రాన కారు చెడ్డది కాదు, చేయించుకోవాలి అంతే. కానీ ఇన్నేళ్లుగా ఎవరూ చేయించలేదంటే ఆ ఓనరు మిగతా సర్వీసుని ఎంత పట్టించుకున్నారో ఊహించుకోండి. రెండోది, షోరూమ్ సర్వీస్ చరిత్ర. ప్రతి సర్వీసు దగ్గరా తేదీ, కిలోమీటర్లు నమోదై ఉంటాయి. రీడింగ్ వెనక్కి తిప్పి ఉంటే ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత బ్యాటరీ వారంటీ అడగండి. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది చాలాచోట్ల కనిపించే లెక్క. కొన్ని మోడళ్లకు, కొన్ని దేశాల్లో 10 ఏళ్ల దాకా ఉంది. ఏటా షోరూమ్‌లో హైబ్రిడ్ చెకప్ చేయిస్తే ఏడాది చొప్పున పొడిగించే పద్ధతి కూడా టొయోటాకి కొన్ని దేశాల్లో ఉంది. రెండో ఓనరుకి అది బదిలీ అవుతుందా, మధ్యలో సర్వీసు తప్పితే రద్దవుతుందా అన్నది అమ్మే మనిషి నోటిమాట మీద వదలకండి. షోరూమ్‌లోనే అడగండి.

కారు ఇన్నాళ్లూ ఏ పని చేసిందో కూడా అడగండి. ట్యాక్సీగా తిరిగిందంటే చాలామంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు. నేను పెట్టేయను. రోజూ తిరిగి, వేళకి ఆయిల్ మారి, బిల్లులన్నీ దాచిన ట్యాక్సీ హైబ్రిడ్‌ని నేను ఆనందంగా చూస్తాను. నన్ను ఎక్కువ అనుమానంలో పడేసేది పన్నెండేళ్ల వయసుండి నలభై వేల కిలోమీటర్లు కూడా తిరగని కారు. అమ్మేవాళ్లు దాన్నే గొప్పగా చెబుతారు. కానీ బ్యాటరీకి వాడకంతో వచ్చే అరుగుదల ఒకటైతే, వయసుతో వచ్చేది ఇంకొకటి. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఊరికే ఉంచినా తనంతట తానే కొంచెం కొంచెం డిశ్చార్జ్ అవుతుంది. అన్ని సెల్స్ ఒకే వేగంతో దిగవు కాబట్టి నెలల తర్వాత వాటి మధ్య తేడా పెరుగుతుంది, బలహీనమైనది ముందు పోతుంది. అంతే కాదు, చిన్న చిన్న దూరాలే తిరిగిన కారులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తుంది.

ఎక్కువ తిరగడం దానంతటదే రోగం కాదనడానికి ఒక ఆధారం ఉంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ 2011లో, 2,06,000 మైళ్లు అంటే సుమారు 3,30,000 కిలోమీటర్లు తిరిగిన 2002 ప్రియస్‌ని పరీక్షించింది. అంతకు పదేళ్ల ముందు వాళ్లే కొత్త కారు మీద రాబట్టిన ఫలితాలతో పోలిస్తే మైలేజీలోనూ, పికప్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బ్యాటరీ ఒరిజినల్‌దే. ఒక్క కారుతో అన్నీ తేలవు, నిజమే. అయినా రీడింగ్ చూడగానే బెదిరిపోవద్దు అనడానికి అది చాలు.

ఫోన్ పెట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పండి: నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయకండి.

3. ఇంజిన్ చల్లగా ఉండగానే చూడండి

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి, కుదిరితే ఇంకో రోజు ఉదయాన్నే రండి. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో చెప్పే నిజాలు తర్వాత చెప్పదు.

బానెట్ ఎత్తే ముందు ఒక జాగ్రత్త. డ్యాష్‌బోర్డ్ మీద రెడీ లైటు వెలిగి ఉంటే, చప్పుడు లేకపోయినా కారు ఆన్‌లో ఉన్నట్టే. ఇంజిన్ ఏ క్షణాన్నయినా దానంతటదే స్టార్ట్ అవుతుంది. పవర్ ఆఫ్ చేసి, స్మార్ట్ కీని దూరంగా పెట్టించాకే చేతులు లోపల పెట్టండి. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. అవి హై వోల్టేజ్ తీగలు. రెండో తరం ప్రియస్‌లోనే బ్యాటరీ 201.6 వోల్టులు, మోటార్లకు వెళ్లేది అంతకంటే ఎక్కువ. చూడండి, ముట్టుకోకండి. తొడుగు చిట్లిందా, ఎవరైనా టేపు చుట్టారా, కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ చిలుము పట్టిందా అన్నది కంటితోనే తెలుస్తుంది.

ఇప్పుడు కూలెంట్. చాలా హైబ్రిడ్‌లలో రెండు డబ్బాలుంటాయి: ఒకటి ఇంజిన్‌ది, రెండోది ఇన్వర్టర్‌ది. రెండింటిలోనూ మట్టం గీతల మధ్య ఉండాలి, రంగు శుభ్రంగా ఉండాలి. బయట చుక్క కూడా కారకుండా ఇంజిన్ కూలెంట్ తగ్గుతోందంటే అది సిలిండర్‌లోకి పోతోందేమో అనుమానించాలి. కొత్తగా నింపినట్టు తళతళలాడుతున్నా, చివరి సర్వీసు బిల్లులో కూలెంట్ ఊసు లేకపోతే, ఎందుకు పోశారని అడగాల్సిందే. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి, వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పున కొడితే చిన్న దూరాల కారు. మట్టం అడుగున ఉంటే ఆయిల్ తాగే కారు కావచ్చు.

తర్వాత కారు ఆన్ చేయించి, మీరు ఎగ్జాస్ట్ దగ్గర నిలబడండి. ఇంజిన్ అందుకోగానే కొన్ని సెకన్లు గడగడా వణికి తర్వాత సర్దుకుంటే, రాత్రంతా కూలెంట్ ఒక సిలిండర్‌లోకి దిగిందని అనుమానించాలి. చల్లటి పూట తెల్లటి ఆవిరి మామూలే, కానీ ఇంజిన్ వేడెక్కాక కూడా అది తగ్గకపోతే మామూలు కాదు.

12 వోల్టుల చిన్న బ్యాటరీని మర్చిపోకండి. చాలా మోడళ్లలో అది డిక్కీలో ఓ పక్కన ఉంటుంది. ఇది నీరసిస్తే డ్యాష్‌బోర్డ్ మీద సంబంధం లేని లైట్లన్నీ వెలుగుతాయి, ఒక్కోసారి కారు రెడీలోకే రాదు. మంచి కారుని హైబ్రిడ్ సిస్టమ్ పోయిందంటూ తక్కువకి అమ్మేసినవాళ్లున్నారు, అసలు లోపం ఈ చిన్న బ్యాటరీ. మల్టీమీటర్ ఉంటే కారు ఆఫ్‌లో 12.5 వోల్టుల చుట్టుపక్కల, రెడీలో 14 దరిదాపుల్లో ఉందేమో చూడండి.

4. వెనక సీటు పక్కన జాలీ తీసి చూడండి

ఈ ఒక్క పనికి రెండు నిమిషాలు పడుతుంది, కానీ కారు గురించి ఇంత చెప్పేది ఇంకోటి లేదు. చాలా ఫుల్ హైబ్రిడ్‌లలో పెద్ద బ్యాటరీ వెనక సీటు కిందో, వెనకో ఉంటుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాను క్యాబిన్‌లోని గాలినే పీల్చుకుంటుంది. పీల్చే దారి వెనక సీటు పక్కన, లేదా సీటు కింద అంచున, చిన్న ప్లాస్టిక్ జాలీలా కనిపిస్తుంది.

సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూడండి. జాలీ గళ్లలో బూడిదరంగు పీచు దట్టంగా పట్టి, కుక్క వెంట్రుకలు, సీటు కవరు నూలు, బిస్కెట్ పొడి కలిసి నమదాలా గడ్డకట్టి ఉంటే, ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి గాలి ఆడక వేడిలో ఉడికిందన్న మాట. బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు. కొన్ని మోడళ్లలో జాలీ వెనక సన్నటి ఫిల్టర్ ఉంటుంది, అది కూడా తీసి చూపించమనండి. సర్వీస్ బిల్లుల్లో బ్యాటరీ ఫ్యాన్ క్లీనింగ్ అని ఒక్కసారైనా రాసి ఉంటే, ఆ ఓనరుకి తన కారు గురించి తెలుసు. సీటు కవర్లు ఆ జాలీని పూర్తిగా మూసేసిన కార్లు కూడా కనిపిస్తాయి. వేడి ప్రాంతంలో ఎండలో నిలిపిన కారుకి అలాంటి కవర్లుంటే నేను బ్యాటరీ ఖర్చుని ధరలోంచి ముందే తీసేస్తాను.

అక్కడే ఉన్నారు కాబట్టి కార్పెట్ అంచు ఎత్తి చూడండి. బురద గీత, తుప్పు పట్టిన సీటు బోల్టులు, ముక్క వాసన ఉంటే వరదలో మునిగిన కారు. హైబ్రిడ్ విషయంలో ఇక్కడ బేరానికి తావు లేదు. ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

5. స్కానర్ పెట్టండి

హెచ్చరిక లైట్లు వెలగడం లేదు కదా అని తృప్తి పడొద్దు. కారు కంప్యూటర్‌లో నమోదయ్యే లోపాల కోడ్‌లు చెరిపేయడం అర నిమిషం పని. ఆ కంప్యూటర్‌ని చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే మీరే చూడవచ్చు. టొయోటా, లెక్సస్ కార్లకు డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ అనే యాప్‌లు పేరున్నవి.

మొదట రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను పరీక్షించుకున్న లెక్క, చూడండి. కోడ్‌లు చెరిపినప్పుడు ఇవన్నీ పూర్తి కాలేదు అన్న స్థితికి వెళ్లిపోతాయి, మళ్లీ నిండటానికి కారు కొన్ని రోజులు తిరగాలి. సగానికి పైగా ఖాళీగా ఉంటే నిన్నో మొన్నో ఎవరో చెరిపారు, లేదా 12 వోల్టుల బ్యాటరీ విప్పారు. కారణం చెప్పలేకపోతే వారం తర్వాత వస్తానని చెప్పండి.

కోడ్‌లలో కొన్నింటిని గుర్తుపెట్టుకోండి. పీ0ఏ80 అంటే హైబ్రిడ్ బ్యాటరీ మార్చమని. పీ0ఏఏ6 అంటే హై వోల్టేజ్ కరెంటు ఎక్కడో కారు బాడీకి లీకవుతోందని. ఇది బ్యాటరీలో ఉండొచ్చు, గేర్‌బాక్స్‌లో ఉండొచ్చు, ఏసీ కంప్రెసర్‌లోనూ ఉండొచ్చు. చాలా హైబ్రిడ్‌లలో ఏసీ కంప్రెసర్ హై వోల్టేజ్ కరెంటుతో నడుస్తుంది, దానికి కరెంటు పారనివ్వని ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. తెలియని మెకానిక్ మామూలు కార్ల ఆయిల్ ఎక్కిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని ఈ కోడ్ వస్తుంది. ఏసీ గ్యాస్ ఎప్పుడైనా పట్టించారా, ఎక్కడ అని అడగడం అందుకే. పీ0ఏ93 ఇన్వర్టర్ కూలింగ్ గురించి, పీ0401 ఈజీఆర్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) దారి పూడుకుపోవడం గురించి.

తర్వాత బ్యాటరీ బ్లాకుల వోల్టేజ్. రెండో, మూడో తరం ప్రియస్‌లో 28 మాడ్యూళ్లు (సెల్స్ గుత్తులు) జంటలుగా 14 బ్లాకులు. యాప్‌లో అవి 14 నిలువు పట్టీలుగా పక్కపక్కన కనిపిస్తాయి. కారు ఊరికే ఉన్నప్పుడు అన్నీ సమానంగానే ఉంటాయి, అది చూసి మోసపోకండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చూడండి. అన్ని పట్టీలూ కలిసి దిగి కలిసి లేస్తే మంచిది. ఒకటి మాత్రం మిగతావాటి కంటే వోల్టు దాకా కిందికి జారిపోతూ, చార్జింగ్‌లో అందరికంటే పైకి లేస్తుంటే ఆ బ్లాకు అయిపోవచ్చింది. లైటు వెలగడానికి ఇంకా కొన్ని వారాలో నెలలో పట్టొచ్చు, అప్పటికి కారు మీ పేరు మీద ఉంటుంది.

మీకు ఇది కొత్తయితే హైబ్రిడ్ తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. మామూలు మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా ఈ ఒక్క దశలో సరిపోడు.

6. నడిపి చూడండి, తొందరపడకుండా

కనీసం అరగంట నడపాలి. ట్రాఫిక్‌లో కొంత, ఖాళీ రోడ్డులో కొంత, వీలైతే ఒక ఎత్తు.

బయల్దేరే ముందు, కారు పార్క్‌లో, రెడీలో ఉంచి ఏసీ గట్టిగా పెట్టి పది నిమిషాలు కూర్చోండి. బ్యాటరీ దిగాక ఇంజిన్ వచ్చి కాసేపు చార్జ్ చేసి ఆగిపోతుంది. మళ్లీ బ్యాటరీ మీద నడుస్తుంది. ఆగినప్పటి నుంచి మళ్లీ వచ్చేదాకా నిమిషాలు గడిస్తే బ్యాటరీలో దమ్ముంది. ఇంజిన్ వేడెక్కాక కూడా నిమిషం లోపే వస్తూ పోతూ ఉంటే నిల్వ శక్తి తగ్గింది. న్యూట్రల్‌లో మాత్రం ఈ పరీక్ష చేయకండి, టొయోటా హైబ్రిడ్‌లు న్యూట్రల్‌లో చార్జ్ కావు.

నడుపుతున్నప్పుడు డిస్‌ప్లేలో చార్జ్ గీతలు గమనించండి. నిండుగా కనిపించకపోతే కంగారు పడొద్దు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని సిస్టమే దాన్ని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా అడుగంటనివ్వదు. చూడాల్సింది గీతల ఊగిసలాట. ఒక్క చిన్న ఎత్తు ఎక్కేసరికి నిండు నుంచి అడుక్కి, చిన్న దిగుడు దిగేసరికి మళ్లీ నిండుకి ఎగిరితే ఆ గిన్నె లోతు తగ్గిపోయినట్టే. వెనక నుంచి ఫ్యాన్ హోరున వినిపించినా, వాతావరణం వేడిగా లేకపోతే, అదే సంకేతం.

ఎత్తు మీద రివర్స్ చేసి చూడండి. పవర్ స్ప్లిట్ హైబ్రిడ్‌లలో వెనక్కి తోసేది మోటారు ఒక్కటే కాబట్టి నీరసపడ్డ బ్యాటరీ ఇక్కడ దాక్కోలేదు.

ఇంజిన్ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు కుదుపు రాకూడదు. ఏదో మారిందని తెలియాలి అంతే. డ్యుయల్ క్లచ్ ఉన్న కారులో నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో తడబాటు, వణుకు ఉందా చూడండి.

7. బ్రేకులకు విడిగా సమయం ఇవ్వండి

హైబ్రిడ్‌లో బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది కాబట్టి. దీనికి రెండో వైపు ఉంది. వాడకం తక్కువ కావడంతో డిస్కులు తుప్పు పడతాయి, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. చక్రాల సందుల్లోంచి డిస్కులు చూడండి, ముఖ్యంగా వెనకవి.

అంతకంటే ఖరీదైన భాగం బ్రేక్ యాక్చువేటర్. ఇది పంపుతో ప్రెషర్ నిల్వ చేసుకుని, మీరు పెడల్ తొక్కగానే వాడుతుంది. టొయోటాల్లో డ్రైవర్ తలుపు తీయగానే ముందు నుంచి జుయ్‌మని కొన్ని సెకన్లు వినిపించేది ఈ పంపే, అది మామూలు. ఇప్పుడు కారు రెడీలో ఉంచి, ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు దించి, పెడల్ మీద నుంచి కాలు తీసి వినండి. మీరేమీ తొక్కకుండానే నిమిషంలో పలుమార్లు పంపు మోగుతుంటే నిల్వ చేసిన ప్రెషర్ లోపల్లోపలే జారిపోతోంది. సీ1391 కోడ్ చెప్పేది కూడా ఇదే. ఇలాంటి కారుని బాగు చేయించకుండా నడపకూడదు, ఆ ఖర్చు కొన్ని మోడళ్లలో బ్యాటరీ ఖర్చుకి తీసిపోదు.

8. మోడల్‌ని బట్టి తెలిసిన జబ్బులు

2009 నుంచి 2015 దాకా వచ్చిన మూడో తరం ప్రియస్, అదే 1.8 లీటర్ ఇంజిన్ ఉన్న దాని తోబుట్టువులు: ఈజీఆర్ కూలర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ దారులు కార్బన్‌తో పూడుకుపోవడం, ఆ తర్వాత హెడ్ గాస్కెట్ పోవడం మెకానిక్‌లందరికీ తెలిసిన వరస. పైన చెప్పిన చల్లటి స్టార్ట్ పరీక్ష ముఖ్యంగా వీటికోసమే. ఈజీఆర్ శుభ్రం చేయించిన బిల్లు ఉంటే ఆ కారుకి కాస్త ఎక్కువ ఇవ్వొచ్చు. ఇదే ప్రియస్‌కి ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ గురించి 2014 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 లక్షల కార్లతో రీకాల్ వచ్చింది. అది చేయించారో లేదో చూడండి.

2006 నుంచి 2008 దాకా వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్‌లలో బ్యాటరీలు తొందరగా నీరసించాయి. అసలు బ్యాటరీతోనే ఉన్నది దొరికితే బ్యాటరీ లేని కారుగా లెక్కేసుకుని బేరం ఆడండి.

2019 నుంచి వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్ టొయోటా రావ్4 హైబ్రిడ్‌లలో వెనక మోటారుకి వెళ్లే హై వోల్టేజ్ కేబుల్ కనెక్టర్ తుప్పు పట్టడం చూశారు, రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల ఎక్కువ. కారుని లిఫ్ట్ ఎక్కించి చూడాలి. లిఫ్ట్ మీద ఉండగానే క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ పొగను శుద్ధి చేసే భాగం) ఒరిజినల్‌దేనా అనీ చూడండి. హైబ్రిడ్‌లవి దొంగలకు ప్రియం, కోసుకుపోయాక చవక రకం బిగించిన కార్లు మార్కెట్‌లో ఉంటాయి.

9. బ్యాటరీ మార్చామని చెబితే

సంతోషించే ముందు బిల్లు అడగండి. కంపెనీ కొత్త బ్యాటరీ, బయటి సంస్థ కొత్త సెల్స్‌తో చేసింది, పాత మాడ్యూళ్లు ఏరి కూర్చిన రీకండిషన్డ్, ఈ మూడింటినీ అమ్మేవాళ్లు కొత్త బ్యాటరీ అనే అంటారు. మొదటి రెండూ పనికొస్తాయి, వాటి మీద మిగిలిన వారంటీ మీకు బదిలీ అయితే ఇంకా మంచిది.

పాడైన ఒకటి రెండు మాడ్యూళ్లు మాత్రమే మార్చి ఇచ్చినవాటితో జాగ్రత్త. ముసలి ఎద్దుల మధ్య కోడెను కట్టినట్టు అవుతుంది, శక్తి కలవదు. మిగతావి కూడా అదే వయసువి కాబట్టి కొన్ని నెలల్లో ఇంకోటి పోతుంది, దాని తర్వాత మరోటి. నా వరకు అలాంటి రిపేరు ఉన్న కారునీ, అసలు బ్యాటరీ మార్చని కారునీ ఒకే ధర దగ్గర చూస్తాను.

అన్నట్టు, పీ0ఏ80 వచ్చిన ప్రతిసారీ సెల్స్ పోయాయని కాదు. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలకు చిలుము పట్టినా అదే కోడ్ రావచ్చు. కానీ ఆ ఆశతో కొనకండి. తెలిసిన మెకానిక్ విప్పి చూసి చెప్పాకే నమ్మండి.

10. లెక్క వేసి బేరం చేయండి

బేరానికి కూర్చునే ముందు ఆ మోడల్ బ్యాటరీ కొత్తది ఎంతో, బిగించే కూలి ఎంతో ఇద్దరి దగ్గర కనుక్కోండి. కారు పదేళ్లు దాటి, బ్యాటరీ ఒరిజినల్‌దే అయితే, ఆ మొత్తాన్ని కారు ధరకి కలపండి. అలా కలిపినా అదే వయసు పెట్రోల్ కారు కంటే మీకు గిట్టుబాటు అవుతుందా? మీరు ఏడాదికి ఎంత తిరుగుతారో, అందులో ట్రాఫిక్ ఎంతో దీన్ని తేలుస్తుంది. ఆగుతూ సాగుతూ ఉండే రోడ్లలో హైబ్రిడ్ మిగిల్చే పెట్రోల్ ఎక్కువ. రోజంతా హైవే మీదే ఉండేవాళ్లకు ఆ మిగులు తగ్గుతుంది. వారానికి ఒకసారి మాత్రమే బయటికి తీసేవాళ్లకు పాత హైబ్రిడ్ వద్దనే చెబుతాను.

మీకు దగ్గర్లో హైబ్రిడ్ బాగుచేసే వర్క్‌షాపు, షోరూమ్ కాకుండా, ఇంకొకటైనా ఉందా? లేకపోతే ప్రతి చిన్న లోపానికీ షోరూమ్ చెప్పిందే ధర అవుతుంది. చాలా తక్కువ అమ్ముడైన మోడళ్లు ఎంత చవగ్గా వచ్చినా నేను సిఫారసు చేయకపోవడానికి కారణం ఇదే.

హెడ్ గాస్కెట్ అనుమానం, హై వోల్టేజ్ లీకేజీ కోడ్, నీళ్లలో మునిగిన ఆనవాళ్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బేరం వద్దు, లేచి వచ్చేయండి. బ్యాటరీ నీరసం, అరిగిన టైర్లు, 12 వోల్టుల బ్యాటరీ, తుప్పు పట్టిన డిస్కులు, ఇవన్నీ ధరలో సర్దుకునేవే.

11. కొన్న నెలలోనే చేయించాల్సినవి

బ్యాటరీ ఫ్యాన్, దాని దారి విప్పించి శుభ్రం చేయించండి. ఇంజిన్ ఆయిల్, రెండు కూలెంట్లు, బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్పించేయండి. ఇన్వర్టర్ కూలెంట్ మార్చాక లోపల గాలి మిగలకుండా తీయాలి, ఇది తెలిసినవాళ్లే చేయాలి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం వస్తుందని కొన్ని మాన్యువల్స్ చెబుతాయి. లక్ష దాటిన కారులో నేను మార్పిస్తాను, పెద్ద ఖర్చు కాదు, కంపెనీ చెప్పిన గ్రేడే వాడాలి. మూడో తరం ప్రియస్ లాంటిదైతే ఈజీఆర్ కూలర్ విప్పించి కడిగించండి, గాస్కెట్ పోయాక కడిగించి లాభం లేదు.

బ్లాకుల వోల్టేజ్ రీడింగ్‌ని కొన్న రోజున ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి అదే రోడ్డులో అదే పరీక్ష చేసి దానితో పోల్చండి. ఏ బ్లాకు వెనకబడుతోందో లైటు వెలగడానికి చాలా ముందే కనిపిస్తుంది, బ్యాటరీ కోసం డబ్బు సమకూర్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఊరెళ్లి నెల దాటి కారు వదిలేయాల్సి వస్తే, రెండు వారాలకోసారి ఎవరితోనైనా అరగంట నడిపించండి.